చచ్చి బతికిన నది ఒడ్డున

జైపూర్ కోటల గురించి రాసినవాళ్లు బోలెడుమంది. నేను అక్కడ గడిపిన రెండు రోజులూ వాళ్లకే వదిలేస్తున్నాను. నాకు మనసు నిలిచింది ఆల్వార్ జిల్లాలో, గోపాల్‌పురా అనే చిన్న ఊళ్లో, ఒక మట్టికట్ట దగ్గర. అక్కడికి చేరేసరికి జీపులో నడుం విరిగినంత పనైందన్నది వేరే సంగతి.

కట్ట పేరు జోహడ్. వాలు నేల మీద అర్ధచంద్రాకారంలో పోసిన మట్టి, అంతే. వానాకాలంలో ఆరావళీ గుట్టల మీంచి దూకే నీటిని ఆపుతుంది. నేను వెళ్లింది ఫాల్గుణం చివర్లో. అడుగున బురద, అందులో నాలుగు బర్రెలు. నా ముఖం చూసి ఎర్ర తలపాగా ముసలాయన నవ్వాడు. "జోహడ్ చూడాలంటే ఇక్కడ కాదు బేటా, బావి దగ్గరికి రా," అన్నాడు. కట్ట దిగువన ఆయన బావి. వంగి చూస్తే చేతికి అందేటంత పైన నీళ్లు! కట్ట వెనక ఆగిన నీరంతా ఇంకి ఇక్కడికి చేరిందన్నమాట.

మధ్యాహ్నం వాళ్లింట్లోనే భోజనం. నెయ్యి పూసిన సజ్జ రొట్టె, వెల్లుల్లి కారం, సజ్జపిండి మజ్జిగలో కాచిన రాబడీ. మన అంబలికి పుల్లటి చెల్లెలు. మూడు గ్లాసులు తాగాను. నా హైదరాబాదీ హిందీకి ఆ ఇంటి ఆడపిల్లలు పడిపడి నవ్వారు.

ఈ కట్టల కథ చదువుకునే కుర్రాళ్లతో మొదలైంది. 1975లో జైపూర్ విశ్వవిద్యాలయంలో విద్యార్థులు, అధ్యాపకులు కలిసి అగ్నిప్రమాద బాధితుల కోసం తరుణ్ భారత్ సంఘ్ పెట్టుకున్నారు. 1985లో ఆ సంఘం తరఫున రాజేంద్ర సింగ్ నలుగురు మిత్రులతో ఈ పల్లెలకు వచ్చాడు. ఆయుర్వేదం చదివినవాడు. వైద్యం చేద్దాం, బడి నడుపుదాం అనుకున్నాడు. గోపాల్‌పురా పెద్దాయన మంగూ మాత్రం ముందు నీళ్ల సంగతి చూడమన్నాడు. జోహడ్ ఎక్కడ తవ్వాలో కూడా ఆయనే చెప్పాడు. పట్నం చదువులవాళ్లు పలుగూ పారా పట్టారు.

ఊరూరా కట్టలు లేచేసరికి, ఎండిపోయిన అర్వరి నది 1990ల నడుమ ఏడాది పొడవునా పారడం మొదలుపెట్టింది. నీళ్లతోపాటు చేపలొచ్చాయి, చేపల వెంట సర్కారు కాంట్రాక్టరూ వచ్చాడు. ఊళ్లవాళ్లు అడ్డం తిరిగారు. ఆ పట్టుదలే 1999లో డెబ్బై దాకా ఊళ్లు కలిసిన 'అర్వరి సంసద్' అయింది. చెరకు వద్దు, వరి వద్దు అని నది పార్లమెంటు కట్టుబాట్లు పెట్టింది.

2001లో మెగసెసే, 2015లో స్టాక్‌హోమ్ జల పురస్కారం రాజేంద్ర సింగ్‌కు వచ్చాయి. నాకైతే అసలు ఘనత ఆ కట్టుబాట్లదే అనిపించింది. కట్ట ఎవరైనా పోస్తారు. ఊరిన నీళ్లను ఎవరు ఎంత వాడాలో పక్కపక్కన కూర్చుని తేల్చుకోవడమే కష్టం. మన అనంతపురం, ప్రకాశం జిల్లాల్లోనూ రైతులు బోర్లలో నీటిమట్టం తామే కొలిచి, ఊరంతా కూర్చుని, ఉన్న నీళ్లకు తగ్గ పంటల లెక్క వేసుకున్న ఏళ్లున్నాయి. పక్క పొలంలో బోరు పడితే మనమూ ఇంకో వంద అడుగులు దించే అలవాటు మాత్రం పోలేదు.

తిరుగు దారిలో డ్రైవరు పట్టుబట్టి భాన్‌గఢ్ చూపించాడు. దయ్యాల కోట అని పేరు. బయట కార్లు బారులు తీరి ఉన్నాయి. చచ్చి తిరిగొచ్చినవాళ్లను చూడాలని అంత ఆత్రం ఉన్న జనంలో ఒక్కరైనా అర్వరి వైపు పోతే బాగుండును.