కారానికి భయపడి ఉప్పును మరువకండి



మన ఇళ్లలో ఎవరికి జబ్బు చేసినా మొదట మానిపించేది కారం. పథ్యమనగానే మిరపకాయ లేని కూరే మనకు గుర్తుకు వస్తుంది. ఇది అన్ని వ్యాధులకూ వర్తించే నియమం కాదు. రక్తపోటు ఉన్నవారికీ, గుండె బలహీనపడినవారికీ కారంకంటె ఉప్పు ఎక్కువ అపకారి. నిరుడు వేసవిలో న్యూజెర్సీలోని మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఒక చిన్న సిచువాన్ భోజనశాలలో నాకు ఎదురైన సంగతి ఇందుకు మంచి ఉదాహరణ.

సిచువాన్ నైరుతి చైనాలోని ఒక రాష్ట్రం. అక్కడి వంటకు పేరు తెచ్చిన రుచి ‘మాలా’. చైనా భాషలో ‘మా’ అంటే తిమ్మిరి, ‘లా’ అంటే కారం. కారం మిరపకాయది. తిమ్మిరి హువాజియావ్ అనే చిన్న కాయది. చూపుకు మిరియంలా ఉన్నా అది మిరియాల జాతి కాదు. కొంకణ తీరంలో చేపల కూరలో వేసే తిర్‌ఫల్‌కు దగ్గరి చుట్టం. మిరపకాయ మాత్రం వారికీ మనకూ అమెరికా ఖండం నుండి వచ్చినదే.

ఆనాడు మా వియ్యంకులు కూడా మాతో వచ్చారు. బావగారికి హార్ట్ ఫెయిల్యూర్. కాళ్ల వాపు, ఆయాసంతో అప్పటికి రెండుమార్లు ఆసుపత్రిలో చేరారు. ఏడాదిగా కారం ముట్టలేదు. అక్కడి మెనూలో వంటకాల పేర్ల పక్కన మిరపకాయ బొమ్మలు ఉన్నాయి. బొమ్మలు ఎన్ని ఎక్కువైతే కారం అంత ఎక్కువ. ఆయన ఒక్క బొమ్మా లేని వంటకం వెదికి, ఆవ ఆకుల ఊరగాయతో ఉడికించిన చేపల పులుసు ఎంచుకున్నారు. “తెల్లగా ఉంది, నాకిదే క్షేమం” అన్నారు.

నేను వద్దన్నాను. ఆ ఆకులు ఉప్పునీటిలో ఊరినవి. ఆ ఉప్పంతా పులుసులోకి దిగుతుంది. కారానికి బొమ్మ ఉంది గాని, ఉప్పుకు లేదు.

“అయితే నేనేమి తినాలి బావగారూ?” అని ఆయన చిన్నబుచ్చుకున్నారు. చేతితో తుంచిన క్యాబేజీని ఎండుమిరపకాయలు, హువాజియావ్‌తో వేయించే వంటకం ఒకటి ఉంది. ఉప్పు, సోయా సాస్ వేయకుండా దానిని చేసి ఇమ్మని మా కోడలు అడిగింది. తెల్లన్నంతో తింటూ, కళ్ల నీళ్లు తుడుచుకుంటూ, “ఏడాదికి నా నోటికి రుచి తెలిసింది” అన్నారాయన. మర్నాడు ఉదయం తూకం చూస్తే బరువు పెరగలేదు.

మిరపలోని క్యాప్సైసిన్, వేడిని గుర్తించే నరాల గ్రాహకాలను ప్రేరేపిస్తుంది. అందుకే నోరు కాలినట్లుంటుంది. ఆ గ్రాహకాన్ని కనుగొన్న డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి లభించింది. కడుపులో పుండుకు ముఖ్య కారణాలు హెలికోబ్యాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, నొప్పి మాత్రలు, మిరపకాయ కాదు. అయితే పుల్లని త్రేన్పులు, మొలలు ఉన్నవారిని కారం బాధించవచ్చు. వారు మితం పాటించాలి.

ఉప్పు సంగతి వేరు. అది నోటిని మండించదు. ఒంట్లో నీటిని నిలుపుతుంది. పెద్దలకు రోజుకు 5 గ్రాములలోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఒక పెద్ద చెంచా సోయా సాస్‌లోనే 2 గ్రాములకు పైగా ఉంటుంది. మాపో టోఫూలో వేసే చిక్కుడు గింజల ముద్ద నెలల తరబడి ఉప్పులో పులిసినది.

కనుక ఇటువంటి చోట భోజనానికి వెళ్లినప్పుడు:

1. ఊరవేసినవి, పులియబెట్టినవి ఏ వంటకంలో ఉన్నాయో అడగండి.
2. ముక్కలు తినండి, పులుసునూ, పైన తేలే నూనెనూ గిన్నెలోనే వదలండి.
3. సాస్ విడిగా ఇమ్మనండి. తెల్లన్నం తోడుగా తీసుకోండి.
4. నోరు మండితే నీళ్లు కాదు, పాలు మేలు.
5. గుండె బలహీనమైనవారు రోజూ ఉదయం బరువు చూసుకోండి. మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే వెంటనే మీ వైద్యునికి తెలపండి.
6. భోజనం తరువాత ఛాతీలో మంట, బరువు, చెమట పట్టడం కలిసి వస్తే “కారం వల్ల గ్యాస్” అని ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి ఈసీజీ తీయించుకోండి.

పథ్యం పేరుతో ఇంట్లోని పెద్దలకు రుచి అంతా దూరం చేయకండి. వారి జబ్బుకు నిజంగా ఏది మానాలో వైద్యుని అడిగి, దానినే మానిపించండి.