మూడో రౌండులో తెలుస్తుంది

600 మీటర్ల టెస్టు పెట్టాలంటే స్టాప్‌వాచ్ కంటే ముందు సున్నం కావాలి. మన హైస్కూలు గ్రౌండుల్లో 400 మీటర్ల ట్రాకు పట్టేది ఎక్కడో గానీ లేదు. 200ది వెయ్యండి, మూడు రౌండ్లు. వంపుల దగ్గర మేకు పాతి, తాడు కట్టి గీయండి. కంటి అంచనాతో గీస్తే ఒక వంపు లోపలికీ ఇంకోటి బయటికీ పోయి, టైమింగులన్నీ దండగవుతాయి. నాకు ఈ పని నేర్పిన పీడీ గారు గీత వంకరపోతే మొత్తం చెరిపించేవారు. అప్పుడు తిట్టుకున్నాను. ఇప్పుడు నేనూ చెరిపిస్తున్నాను.

ఖేలో ఇండియా ఫిట్‌నెస్ టెస్టుల్లో హైస్కూలు పిల్లలకు 50 మీటర్ల పరుగు, పుషప్స్, కర్లప్స్, సిట్ అండ్ రీచ్ కూడా ఉంటాయి. అన్నీ చేయించండి. చదువు వైపు నుంచి చూస్తే మాత్రం నేను ముందు తీసేది 600 మీటర్ల కాగితమే. పుషప్స్ కండ సంగతి చెబుతాయి. 600 చెప్పేది దమ్ము సంగతి, అంటే గుండే ఊపిరితిత్తులూ ఒంటికి ఎంత ఆక్సిజన్ అందించగలవన్నది. స్వీడన్‌లో 1950–1976 మధ్య పుట్టి, సైన్యంలో చేరే ముందు పరీక్షలకు వచ్చిన 12 లక్షల మంది కుర్రాళ్ళ రికార్డులు తిరగేశారు. 2009లో ఫలితాలు అచ్చయ్యాయి. దమ్మున్నవాళ్ళకు తెలివితేటల పరీక్షలోనూ మార్కులు ఎక్కువ. కండబలానికి ఆ సంబంధం కనపడలేదు. 15 నుంచి 18 ఏళ్ళ మధ్య దమ్ము పెంచుకున్నవాళ్ళు ఆ పరీక్షలో మెరుగ్గా నిలిచారు. మన ఎనిమిదీ తొమ్మిదీ పదీ ఆ వయసుకు వాకిలే కదా!

అలాగని పరిగెత్తితే మార్కులొస్తాయని తల్లిదండ్రులకు మాటివ్వకండి. ఇంట్లో తిండీ నిద్రా బాగున్న పిల్లకు పరుగూ చదువూ రెండూ కలిసొస్తాయి. ఏది దేనివల్ల వచ్చిందో విడదీయడం కష్టం.

కొత్తగా బీపీఈడీ చేసి వచ్చినవాళ్ళు విజిల్ వేసి, ముందు వచ్చేవాడి వైపే చూస్తారు. మండలం టీముకు పనికొస్తాడని. మా పీడీ గారు నా తల పట్టి రెండో వైపు తిప్పేవారు: "ముందొచ్చేవాడికి నీతో పనిలేదురా, ఆఖర్న వచ్చేదాన్ని చూడు." మొదటి రౌండులో అందరూ గుర్రాలే. అందుకే పక్కవాళ్ళతో మాట్లాడగలిగేంత వేగంతోనే మొదలుపెట్టమనండి. మూడో రౌండుకొచ్చేసరికి నడుము పట్టుకుని నిలబడిపోయేదెవరో రాసుకోండి. పెదవులు పాలిపోయాయా, మెట్లెక్కినా ఆయాసమేనా అడగండి. అనుమానముంటే ఏఎన్ఎమ్ దగ్గరికి పంపండి. రక్తహీనతో కాదో తేల్చడం వాళ్ళ పని, మనది కాదు.

ఇది చిన్న విషయం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో 59 శాతం మందికి రక్తహీనత తేలింది. రక్తం చాలని పిల్ల గ్రౌండులో ఆగిపోతుంది, క్లాసులో కునుకు తీస్తుంది. మనం మొదటిదానికి బద్ధకమని, లెక్కల సారు రెండోదానికి మొద్దు అని పేరు పెడతాం. తొమ్మిదో తరగతిలో అలాంటి పిల్లే ఒకతె మాకుండేది. నేను ఆయాసం దగ్గర ఆగిపోయాను. ఆరా తీసి ఏఎన్ఎమ్ దగ్గరికి తీసుకెళ్ళింది మా బయాలజీ మేడమ్. వారానికొకసారి ఇచ్చే నీలం ఐరన్ మాత్రను ఆ పిల్ల కిటికీలోంచి పారేస్తోందని కనిపెట్టిందీ ఆవిడే. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తుంది, అందుకని. డాక్టరు ఇచ్చిన మందుల్ని అన్నం తిన్నాక ఎదురుగా నిలబడి మింగించాం. వేసవి సెలవులకు ముందు మూడు రౌండ్లూ ఆగకుండా తిరిగింది. మార్కులు ఆకాశాన్నేం అంటలేదు. మధ్యాహ్నం కునుకు మాత్రం పోయిందని లెక్కల సారే స్టాఫ్‌రూములో చెప్పారు. నా చేతిలోకి వచ్చిన ఏ కప్పూ నాకంత తృప్తినివ్వలేదు.

ఆడపిల్లలు ఎనిమిదికి రాగానే వేపచెట్టు కిందికి చేరతారు. పరిగెత్తమంటే లేవరు. ఖోఖో పెట్టండి, తెలియకుండానే పరిగెత్తుతారు.

ఇక మన పాత బాధ. దసరా దాటితే పదో తరగతి పీటీ పీరియడు సిలబస్ ఖాతాలోకి పోతుంది. మిగతా మాస్టార్లతో పోట్లాడి లాభం లేదు, బేరమాడండి. ఇల్లినాయ్ యూనివర్సిటీలో హిల్‌మన్ బృందం 2009లో తొమ్మిది, పదేళ్ళ పిల్లల్ని 20 నిమిషాలు నడిపించి పరీక్ష పెడితే, కూర్చున్నప్పటి కంటే చదివి అర్థం చేసుకోవడంలో మెరుగ్గా చేశారు. మనవాళ్ళు అంతకంటే పెద్దవాళ్ళు, నిజమే. అయినా ఆ 20 నిమిషాల లెక్కనే పట్టుకుని నేను స్లిప్ టెస్టుకు ముందు టైం అడిగాను. లెక్కల సారు ఒప్పుకున్నారు. పెద్ద మనసు ఆయనది.

జూన్‌లో టైంటేబుల్ వేసే రోజు సెలవు పెట్టకండి. పదో తరగతి పీటీని అన్నం తిన్న వెంటనే వచ్చే పీరియడులో వేయనివ్వకండి, పొద్దున పూట అడిగి రాయించుకోండి.