కళింగపట్నపు తీరమున ఒక దినము

శ్రీకాకుళము జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. ఆంధ్రప్రదేశమున ఇంత పొడవైన తీరము గల జిల్లా మఱియొకటి లేదని భూగోళపాఠమున చదివి, పరీక్షలో వ్రాసి, మార్కులు పొందిన మాలో పలువురు ఆ తీరమును తనివితీర చూచి యెఱుగరు. పట్టణమునకు కడలి ఒక గంట దూరము మాత్రమే యైనను, దగ్గఱనున్న దానిని రేపు చూడవచ్చునని వాయిదా వేయుట మన వారికి అలవాటు గదా! సంక్రాంతి సెలవులు ముగిసిన పిదప వచ్చిన శనివారమునాడు మా ఉపాధ్యాయులు ఇరువురు పదవ తరగతి విద్యార్థులమైన మమ్ము నలువదిమందిని ఒక బస్సులో ఎక్కించుకొని ఆ వాయిదాకు స్వస్తి చెప్పిరి.

మా తరగతిలో సముద్రపు టొడ్డున పుట్టినవాడు ఒక్కడే కలడు. తన పేరు పత్రికలో వ్రాయవలదని వాడే కోరినందున, మా మిత్రుడనియే ఇచట వ్రాయుచున్నాము. వానిది కళింగపట్నమునకు చేరువనున్న ఒక మత్స్యకారుల పల్లె. కావున ఆ దినమున మార్గదర్శకత్వము సహజముగా వానికే దక్కినది.

మంచు విడువకమున్నే అరసవల్లి దాటితిమి. ఆదివారము కానందున సూర్యదేవాలయపు వీథి నిర్మానుష్యముగా నుండెను. అచటినుండి శ్రీకూర్మమునకు పోయితిమి. కూర్మావతారమునకు వెలసిన ఈ యాలయమున ధ్వజస్తంభములు రెండు, మూలవిరాట్టు పశ్చిమాభిముఖుడు. స్తంభములపై 13వ శతాబ్దినాటి శాసనములను మా ఉపాధ్యాయులు చూపుచుండగా, మాలో చిన్నవారి చూపులన్నియు ఆవరణమందలి నక్షత్రపు తాబేళ్లమీదనే యుండెను. మా మిత్రుడు వానిని చూచి, “ఇవి బొమ్మలవంటివి. మా యొడ్డునకు చలికాలపు రాత్రులలో వచ్చునవి ఇద్దరు మోయవలసినంత పెద్దవి” అని పలికెను. అతిశయోక్తి యని మేము నవ్వితిమి. వాడు మాత్రము నవ్వలేదు.

తొమ్మిది గంటలకు కళింగపట్నము చేరితిమి. ఇది పూర్వము ఓడలాగిన రేవుపట్టణము. ఇపుడు ఓడయు లేదు, కోలాహలమును లేదు. దీపస్తంభము మాత్రము తన పని తాను చేయుచున్నది. ఆకాశవాణిలో కళింగపట్నము పేరు వినబడునది సాధారణముగా తుపాను దినములందే. 2021 సెప్టెంబరు 26వ తేదీన గులాబు తుపాను ఈ చేరువనే తీరము దాటినది. అట్టి పేరుగల చోట ఆ యుదయమున అలలు ఎంత సాధువుగా నుండెనని చెప్పుదుము! ఉత్తరమున వంశధార సముద్రమున కలియుచున్నది. ఆ కలయికను ఇచటివారు మొగ యందురు. నదీజలము గోధుమవన్నె, కడలి నీలము, రెంటి నడుమ ఇసుకతిన్నె యొకటి వెన్నముద్దవలె మెఱయుచు, దానిమీద కొంగలు బారులు తీర్చియుండెను. సరుగుడు తోటల హోరు ఏదియో, సముద్రపు హోరు ఏదియో తెలియకుండెను. మేము ఒక గంటసేపు ఏమియు చేయక ఊరక కూర్చుంటిమి. ఇట్లు కూర్చుండుట కూడ విద్యయందు ఒక భాగమేయని మా తలంపు.

ఆ యిసుకతిన్నె మాకు అందము. మా మిత్రునకు అది తలనొప్పి. ఏటిలో హెచ్చుకాలము అలలు దక్షిణమునుండి ఉత్తరమునకు ఇసుకను త్రోయుచు నదుల మొగలను పూడ్చివేయుచుండునట. ఆటు సమయమున మొగలోనికి పడవ పోవుట కష్టము. పోనిమ్ము, సముద్రమున నిలుపుదమన్న, అలలనుండి కాపాడు కొండకొమ్ము గాని సహజమైన మలుపు గాని ఇచట లేదు. అందువలన వేటనుండి వచ్చిన ప్రతి పడవను పదిమంది భుజములు పట్టి ఒడ్డుమీదికి ఎక్కింపవలెను, మఱునాడు దింపవలెను. కావున పడవ చిన్నది కావలెను. చిన్న పడవ దూరము పోజాలదు. చేపలు చూడగా నానాటికి దూరమగుచున్నవి. ఈ తర్కమంతయు వాడు పుల్లతో ఇసుకలో గీతలు గీచి చెప్పెను. ఏ పుస్తకమునను మాకింత తేటగా బోధపడలేదు.

తీరము వెంబడి కాలినడకన వాని పల్లెకు పోయితిమి. త్రోవలో వెదురుతడికలు కట్టిన యొక చిన్న యావరణము కనబడెను. సముద్రపు తాబేళ్లు రాత్రివేళ ఒడ్డున గోతులు త్రవ్వి, ఒక్కొక్కటి నూఱు దాక గ్రుడ్లు పెట్టిపోవును. నక్కలు, కుక్కలు వానిని తినకుండ తెచ్చి ఇచట పాతి, పిల్లలు పొదిగినంతనే సముద్రమున విడుతురు. ఆడుతాబేలు తాను పుట్టిన తీరపు ప్రాంతమునకే తిరిగివచ్చి గ్రుడ్లు పెట్టునని మా ఉపాధ్యాయులు చెప్పిరి. శ్రీకూర్మమున నవ్వినవారు ఇచట నవ్వలేదు.

పల్లెలో మమ్ము మొదట ఆశ్చర్యపఱచినది నిశ్శబ్దము. ముసలివారు వలలు కుట్టుచుండిరి, స్త్రీలు కవ్వళ్లను ఎండబెట్టుచుండిరి, పిల్లలు పరుగులిడుచుండిరి, పడుచువాండ్రు మాత్రము వ్రేళ్లమీద లెక్కింపదగినంతమంది. ఒడ్డున కొన్ని పడవలు బోరగిలబడియుండెను. మగవారేరి యని అడుగగా ఒక అవ్వ, “అందరూ వీరావలు ఎల్లిపోనారు బాబూ. మా గుంటడు పండక్కి కూడా రానేదు” అని చెప్పి, మాకు కూర్చుండ చాప వేసెను.

వీరావలన గుజరాతు దేశమందలి వేరావల్ రేవు. రెండు రాత్రులు రైలులో గడిపి వానకాలమున అచటికి పోయి, మరపడవలపై జీతమునకు కుదిరి, ఎండలు ముదురునపుడు ఇండ్లకు వత్తురు. పడవకు పెద్దను తండేలందురు. ఈ వలస సుఖప్రయాణము కాదు. 2018 నవంబరులో శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల మత్స్యకారులు అచట వేటాడుచు, ఎల్ల దాటిరని పాకిస్తానువారికి పట్టుబడిరి. కరాచీ చెఱలో పదునాలుగు నెలల దాక ఉండి, 2020 జనవరిలో వారిలో 20 మంది వాఘా యొద్ద స్వదేశమున అడుగిడిరి. నీటిమీద గీత గీచుట రాజ్యములకు సులభము. రాత్రివేళ వల లాగువానికి దానిని కనుగొనుట సులభము కాదు. ఆ వార్త వచ్చిన దినములలో ఈ పల్లెలన్నిట పొయ్యిలు సరిగ వెలుగలేదని అవ్వ చెప్పెను.

ఇంతటి తీరముండగా పనికై పడమటి సముద్రమునకు పోవలసి వచ్చుట మాకు వింతగా తోచినది. మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పెద్ద ఓడరేవునకు శంకుస్థాపన జరిగినది. బుడగట్లపాలెమున చేపలరేవు కట్టుటకు నిర్ణయమైనది. ఆ రేవు నిండిననాడు ఈ పల్లె ఎట్లుండునో చూడ మాకు కోరిక కలదు.

మధ్యాహ్నము పులిహోరయు, అవ్వ పెట్టిన చేపలకూరయు భుజించి, శాలిహుండము కొండ యెక్కితిమి. వంశధార దక్షిణపు గట్టున నున్న ఈ బౌద్ధక్షేత్రమును 1919లో వెలికి తెచ్చినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాషకై జీవితమును ధారపోసిన ఆ మహనీయుని గూర్చి మేము గ్రాంథికమున వ్రాయుట చూచిన ఆయన మందహాసము చేయుదురేమో! చక్రాకారపు టిటుకల పునాదులు, చైత్యములు, మెట్లదారి చూచితిమి. అచట ధాతుకరండములు దొరకినవట. పైనుండి చూడ నది వెండిత్రాడువలె సాగి సముద్రమున ముడిపడుచున్నది. ఒకప్పుడు ఈ మొగలోనుండి కళింగుల ఓడలు తూర్పుదీవులకు పోయెనని ఉపాధ్యాయులు చెప్పుచుండిరి.

మా మిత్రుడు ఆ మాటలు వినుచున్నట్లు లేదు. పరీక్షల పిదప ఏమి చదువుదువని ఉపాధ్యాయులు అడుగగా, మొదటి యేడు వంటవానిగా పడవ యెక్కవలెనని తండ్రి చెప్పుచున్నాడనియు, తల్లి చదువు మానవలదని ఏడ్చుచున్నదనియు మెల్లగా చెప్పెను. గణితమున మా అందఱకంటె హెచ్చు మార్కులు వానివే. ఎవరమును మాటాడలేదు. ఉపాధ్యాయులు జేబులోనుండి చీటి తీసి వాని తండ్రి ఫోను సంఖ్య వ్రాసికొనిరి. పడవ సముద్రముమీద నుండగా ఫోను పలుకదు. రేవు చేరిన దినముననే మాటాడవలెను. వేటకు పోయిన పడవ మరల వచ్చుటకు ఇరువది దినములు కూడ పట్టునట.

పొద్దు క్రుంకువేళకు బస్సు పల్లెయొద్ద ఆగెను. వాడు దిగి ఇంటికి పోయెను. సోమవారము యథాప్రకారము తరగతికి వచ్చెను. ఉపాధ్యాయులు ప్రతి సాయంకాలమును ఆ సంఖ్యకు ఫోను చేయుచున్నారు. ఇది వ్రాయునాటికి పడవ ఇంకను రేవునకు రాలేదు.