కపిలి బావి, కొత్త గిలకలు

వల్లూరులో మా ఇంటి అటక మీద ఒక పాత చెక్క గిలక ఉంది. తాత రెండెద్దులు కట్టి కపిలి తోలిన కాలం నాటిది. పండక్కి వచ్చిన పిల్లలు దాన్ని ఎత్తబోయి, ఎత్తలేక, ‘ఇదెందుకవ్వా పెట్టుకున్యారు?’ అని మా అమ్మను అడుగుతుంటారు.

బోర్లు వచ్చినాక ఆ బావి ఎండిపోయింది. పావగడ తాలూకాలో ఎండని బావి ఎక్కడుందిలే! తర్వాత 2018లో సోలార్ పార్కు మొదలైంది. తిరుమణి, మా వల్లూరుతో కలిపి అయిదు ఊర్ల కింద పదమూడు వేల ఎకరాలు, ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల గుత్త. మా భూమీ కొంత పోయింది. బావి ఉన్న చెక్క మాత్రం నాయన ఇయ్యలేదు. మేసే బీడు తగ్గేసరికి ఆవులు గడ్డి కోసం బావి గట్టు దాకా పోతాయి. మూడేళ్ల కిందట మా ఆవు అట్లనే పడింది.

ముప్పై అడుగుల లోతు, అడుగున మోకాలి లోతు బురద. నలుగురం చేరినాం, అందులో ఇద్దరు అరవై దాటినోళ్లు. కొట్టం మీద రెండేండ్లుగా ఎండకు పడున్న ప్లాస్టిక్ తాడు తీసుకొచ్చి కడుపు కింద కట్టి లాగినాం. పది అడుగులు లేసింది. తాడు తెగింది. వెనక కాళ్లు రెండూ విరిగినాయి. రెండో దినం రాత్రి చచ్చిపోయింది.

‘ఆ కాలంలో అయితే కేకేస్తే ఇరవైమంది వచ్చేటోళ్లు. ఇప్పుడు మందే లేరు కదప్పా’ అన్నాడు నాయన. నా ముఖం చూసి అనలేదు గానీ, బెంగళూరులో ఉండేది నేనే కదా.

లేని మందికి బదులు ఏం తేవాలి అని అప్పుడు మొదలుపెట్టినా. అమెరికాలో ఉన్న మా చిన్నాయన కొడుకు ఒక చిన్న సంచి పంపినాడు. పిడికిట్లో పట్టే గిలకలు, సన్న దారం, అంతా కలిపి అరకిలో లేదు. అక్కడ కొండల్లో ఎల్క్ అనే పెద్ద దుప్పిని వేటాడేవాళ్లు, మాంసం ముక్కలుగా కోసి ఎలుగుబంట్లకు అందకుండా చెట్టుకు ఎగదీయడానికి దీన్ని వీపున మోసుకుపోతారంట. నాయన నవ్వినాడు. ‘మా నాయనోళ్లు అడివిపందిని కట్టెకు కట్టి ఇద్దరు భుజాన తెచ్చేటోళ్లు. గిలకేంటికి?’ అవి 1972 చట్టానికి ముందు మాటలు.

ఆ సంచి మాకు పనికిరాలేదు. దాని మీద రాసిన బరువు మా ఆవు బరువుకన్నా తక్కువ. దారం చేతులు కోస్తుంది. అయినా లెక్క అర్థమైంది. పైన కట్టిన ఒంటి గిలక లాగే దిక్కు మారుస్తుందే గానీ బరువు తగ్గించదు. రెండు కండ్ల గిలక ఒకటి పైన, ఒకటి ఆవు దగ్గర పెడితే నాలుగు పేటలు బరువు పంచుకుంటాయి. మూడు వందల కిలోల ఆవు డెబ్బై అయిదు కిలోలవుతుంది. రాపిడికి పోయేది కలిపి నూరు అనుకోండి, ఇద్దరు లాగగలరు. దీనికి బదులుగా అడుగు లేపాలంటే నాలుగు అడుగుల తాడు లాగాల. ముప్పై అడుగుల బావికి 120 అడుగులు, పట్టుకోవడానికి ఇంకొంత.

తాడు దగ్గరే నేను ఎక్కువ తిరిగినా. నైలాన్ సాగుతుంది, ఆవు కిందికీ పైకీ ఊగుతుంది. కిత్తనార మోకు తడిస్తే ఇద్దరు మోయాల. చివరికి 12 మిల్లీమీటర్ల పాలిస్టర్ తాడు, యాభై మీటర్లు, అయిదు కిలోలు. అంగడతను తెగే బరువు చెప్తాడు, మోసే బరువు వేరే. జీవం ఉన్నది తన్నుకుంటుంది, ముడి దగ్గర బలం తగ్గుతుంది, కాబట్టి చెప్పినదాంట్లో పదో వంతే నమ్మినా. (బెంగళూరు అంగట్లో గిలక అంటే ఎవరికీ తెలీలేదు, రాటె అంటే వెంటనే తీసిచ్చినారు.) గిలకలు అల్యూమినియంవి, బేరింగులున్నవి. కడుపుకు జానెడు వెడల్పు పట్టాలు రెండు, ముందు కాళ్ల వెనక ఒకటి, వెనక కాళ్ల ముందర ఒకటి. అన్నీ కలిపి ఒక గోనెసంచి, అమ్మ కూడా ఎత్తుతుంది.

కపిలి రాతి స్తంభాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. వాటి మీది దూలానికి గిలక కట్టి, చెనిక్కాయ మూటలతో ముందు చూసినాం. లాగిన తాడును రాయికి రెండు చుట్లు తిప్పి ఒకరు పట్టుకుంటే జారిపోదు.

పోయిన ఆషాఢంలో పక్కచేని వాళ్ల దూడెద్దు అదే బావిలో పడింది. ఫైర్ వాళ్లకు ఫోన్ చేసినాం, వాళ్లు పావగడ నుంచి రావాల. ఈలోగా దీపం దించి చూసి, నడుముకు తాడు కట్టుకుని ఒక పిల్లోడు దిగి పట్టాలు వేసినాడు. నేను, నాయన లాగినాం. అమ్మ రాతి దగ్గర తాడు పట్టింది. అర్ధగంట పట్టింది. ఎద్దు గట్టెక్కి, కాసేపు నిలబడి, గడ్డి కొరికింది.

నాయన తాడును కడిగి, నీడలో ఆరేసి, అటక మీద చెక్క గిలక పక్కన పెట్టినాడు. బావికి కంచె ఎప్పుడు వేయిస్తావని అమ్మ ఇప్పటికీ అడుగుతానే ఉంది.