చెద ముట్టని బొమ్మ

పోయిన వానాకాలం రాజంపేటలో అమ్మ భోషాణం తెరిస్తే గుండె జారిపోయింది. నాన్నగారి ఉత్తరాలు, పుస్తకాలు, అడుగుపలక అన్నీ చెదపాలు! అమ్మ చిన్ననాటి ఎర్రచందనం బొమ్మ మాత్రం మట్టి దులిపితే ఎప్పటిలాగే ఉంది. ఆ చేవను చెద ముట్టదు.

రాణిచెద రోజుకు వేల గుడ్లు పెడుతుంది. మందు కొట్టి చంపినా మళ్లీ వస్తాయి. ముఖ్యంగా మన శేషాచలం, వెలిగొండల్లోనే పుట్టే ఆ చెట్టుకేమో చేవ ముదరడానికి దశాబ్దాలు కావాలి. 1995 నుంచి విదేశీ వ్యాపారానికి ఆంక్షలున్నాయి. అయినా దొంగ గొడ్డళ్లు ఆగలేదు. 2021లో ఐయూసీఎన్ దాన్ని అంతరించే ప్రమాదమున్న జాతుల్లో చేర్చింది. చెదకు అలాంటి పట్టికలతో పనేముంది!

పెరట్లో ఒక మొక్క నాటాను. మొన్న చూద్దునుగదా, మొదట్లో చెదమట్టి! లేతకొయ్యకు ఇంకా చేవ లేదు మరి. రోజూ సాయంత్రం గీకి చూస్తున్నాను.