ఊరి పేర్లు మోసుకొచ్చిన ఎడారిలో పరుగు

అల్జీరియా నైరుతి మూలన, సహారా ఎడారిలో తిందూఫ్ అనే పట్టణం ఉంది. దాని పరిసరాలలోని శరణార్థి శిబిరాలకు లాయూన్, ఔసర్ద్, స్మారా, దాఖ్లా, బోజ్దూర్ అని పేర్లు. అవన్నీ ఆ ప్రజలు పశ్చిమ సహారాలో విడిచి వచ్చిన ఊళ్ల పేర్లు. 1975 చివరలో స్పెయిన్ ఆ నేలను వీడుతుండగా మొరాకో, మౌరిటానియా సేనలు ప్రవేశించాయి. యుద్ధానికి వెరచి వేలాది సహ్రావీ కుటుంబాలు ఇక్కడికి చేరాయి. 1991లో కాల్పుల విరమణతో పాటు ప్రజాభిప్రాయ సేకరణ జరుపుతామన్న వాగ్దానం వెలువడింది. అది నేటికీ నెరవేరలేదు.

ఈ శిబిరాల మధ్య 2001 నుంచి 'సహారా మారథాన్' జరుగుతోంది. లాయూన్‌లో మొదలై, ఔసర్ద్ మీదుగా స్మారాలో ముగిసే 42 కిలోమీటర్ల పరుగు ఇది. అంత శక్తి లేనివారికి చిన్న దూరాలూ ఉన్నాయి. మేము 10 కిలోమీటర్ల పరుగులో చేరాము.

పరుగుకు వచ్చినవారు శరణార్థుల ఇళ్లలోనే అతిథులుగా ఉంటారు. మాకు ఆశ్రయమిచ్చిన పెద్దావిడ తమ గుడారాన్ని 'ఖైమా' అన్నారు. మన ఇళ్లలో వినిపించే ఉర్దూ మాటే అది! వినగానే పరాయితనం సగం తొలగింది. బొగ్గుల మీద కాచిన టీ మూడు విడతలుగా ఇస్తారు. మూడు గ్లాసులూ తాగనిదే అతిథి లేవడం మర్యాద కాదు. నీరు మాత్రం ట్యాంకరు తెచ్చినప్పుడే. ఫజ్ర్ వేళ ఇంటివారు తాగునీటిని కాపాడుకొంటూ తయమ్ముం చేసుకొన్నారు. మేమూ వారితో పాటే మట్టిపై చేతులు ఆన్చాము.

దారి పొడవునా రాళ్లు పరచిన మైదానం. చెట్టు నీడ అరుదు. ఆకాశం మాత్రం నాలుగు దిక్కులా నేలను తాకుతూ విశాలంగా పరచుకొని ఉంటుంది. మధ్యలో నీటి సీసాలు అందించారు. పట్నపు పందేలలో మాదిరి నెత్తిన కుమ్మరించుకోవడానికి మాకు చేయి రాలేదు. స్మారా దగ్గరయ్యేసరికి రంగురంగుల మెల్‌హఫాలు ధరించిన స్త్రీలు హర్షధ్వానాలు చేస్తూ స్వాగతం పలికారు. పిల్లలు మా వెంట చెప్పులతోనే పరుగు తీశారు.

ఎడారిలో పరుగు అనగానే హజ్రత్ హాజిరా (అలైహస్సలాం) గుర్తుకు రాక మానరు. బిడ్డ దాహం తీర్చే నీటి కోసం సఫా, మర్వాల మధ్య ఆమె ఏడుసార్లు తిరిగారు. అల్లాహ్‌పై భరోసా ఉంచడమంటే చేతులు ముడుచుకు కూర్చోవడం కాదని ఆ తల్లి మనకు నేర్పారు. గుడారాలలో పుట్టిన పిల్లలకు బడులు నడుపుతూ, విడిచి వచ్చిన ఊళ్ల పేర్లు మరువనీయక, ఏటేటా లోకాన్ని తమ ఇంటికి పిలుస్తున్న ఈ ప్రజలలో మాకు ఆ పాఠమే కనిపించింది.

వీడ్కోలు వేళ పెద్దావిడ మా చేతులు పట్టుకొని, "ఇన్షా అల్లాహ్, ఒకనాడు అసలైన స్మారాలో పరుగెత్తుదురు గాని. అక్కడా మీరు మా ఇంటనే దిగాలి" అన్నారు.

మేము ఆమీన్ అన్నాము. పాఠకులు కూడా అనాలని మా కోరిక.