పుస్తకంలో లేని 105

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లిన పెద్దవాళ్లకు గోల్డెన్‌గేట్ వంతెన, సన్నీవేల్ గుడి చూపించడం మామూలే. ఆ సన్నీవేల్ పక్కనే, మౌంటెన్‌వ్యూలోని షోర్‌లైన్ రోడ్డు మీద కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం ఉంది. వీలుంటే అదీ చూడండి. గదులు నిండేంత పాత యంత్రాలు దాటుకుంటూ వెళ్తే ఆపిల్-1 కనిపిస్తుంది. 1976లో స్టీవ్ వోజ్నియాక్ చేసిన బోర్డు అది. దాన్ని నడిపించింది 6502 అనే నలభై కాళ్ల చిప్పు.

దీని పుట్టిల్లు పెన్సిల్వేనియాలోని మోస్ టెక్నాలజీ. 1975లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఎలక్ట్రానిక్స్ ప్రదర్శనలో స్టాల్ దగ్గర అమ్మనివ్వకపోతే, హోటల్ గదిలో పెట్టి 25 డాలర్లకొకటి అమ్మేశారు. ఇంటెల్ 8080 తొలి ధర 360 డాలర్లు మరి! అంత చవగ్గా ఇవ్వాలంటే చిప్పు చిన్నదిగా ఉండాలి. అందుకే సుమారు 3,500 ట్రాన్సిస్టర్లతో సరిపెట్టారు. అసలు తమాషా అక్కడే మొదలైంది.

చిప్పుకు ఏం చెప్పినా నంబర్లలోనే చెప్పాలి. 0 నుంచి 255 దాకా మొత్తం 256. కంపెనీ పుస్తకంలో 151 నంబర్లకే అర్థం రాశారు. మిగతా 105 వస్తే 'చెల్లదు' అని ఆపే ఏర్పాటుకు చోటు దండగ అనుకున్నారు. దాంతో ఏ నంబరు ఇచ్చినా చిప్పు ఏదో ఒకటి చేసేది! 165 ఇస్తే మెమరీలోని విలువను 'ఏ' అనే అరలో పెడుతుంది. 166 అయితే 'ఎక్స్' అరలో. పుస్తకంలో లేని 167 ఇస్తే... రెండింట్లోనూ ఒకేసారి! 2 ఇచ్చారో, బిగుసుకుపోతుంది. రీసెట్ చేస్తేనే మళ్లీ కదిలేది.

కుర్రాళ్లు ఊరుకుంటారా? ఒక్కో నంబరూ పరీక్షించి పట్టికలు రాసుకున్నారు. ఆటల వేగం పెంచడానికీ, కాపీ కొట్టేవాళ్లను తికమకపెట్టడానికీ వాడేశారు. కంపెనీ మాట ఇవ్వనిదాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 1984లో తెలిసొచ్చింది. ఆ ఏడాది వచ్చిన ఆపిల్-2సీలో 65సి02 అనే కొత్తరకం చిప్పు పెట్టారు. అందులో ఆ దొంగచాటు అర్థాలేవీ లేవు. డబ్బిచ్చి కొనుక్కున్న ప్రోగ్రాములు కొన్ని అందులో నడవనని మొరాయించాయి.

మ్యూజియం నుంచి కాస్త దూరం వెళ్తే శాంటాక్లారా, ఇంటెల్ వారి ఊరు. మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏళ్ల తరబడి పాఠంగా చెప్పిన 8085 వాళ్లదే. ఇందులోనూ పుస్తకానికెక్కనివి పది ఉన్నాయి. అయితే అవి అనుకోకుండా వచ్చినవి కావు, పనిగట్టుకుని చేసినవి. తరవాత రాబోయే 8086కు బరువవుతాయని బయటికి చెప్పలేదంటారు. 1979లోనే ఓ ఎలక్ట్రానిక్స్ పత్రిక వాటి గుట్టు విప్పింది. అయినా ల్యాబ్‌లో కిట్ ముందు కూర్చుని రికార్డు రాసిన మనవాళ్లలో ఎంతమందికి తెలుసో! మీ ఇంట్లో ఆ చదువు చదివినవాళ్లుంటే ఓసారి అడగండి.